దరఖాస్తులో మీరు చేసిన పని కనిపించాలి

పీజీ చివరి సెమిస్టర్ పరీక్షలు దగ్గర పడే రోజుల్లో ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఉద్యోగ దరఖాస్తుల గురించినవే ఎక్కువగా ఉంటాయి. ఈసారి విశాఖపట్నం నుంచి వచ్చిన ఐదు ఉత్తరాలను ఎంచుకున్నాను. పేర్లు బయట పెట్టవద్దని కొందరు కోరినందున అందరి పేర్లనూ వదిలేశాను.

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పరవాడ, అచ్యుతాపురం వైపు ఉన్న మందుల కంపెనీలకు జనవరి నుంచి రెజ్యూమె పంపుతూనే ఉన్నాను. ఒక్కరూ పిలవలేదు. మార్కులు 74 శాతం ఉన్నాయి. పారాసిటమాల్, కెఫీన్ కలిసిన మాత్రలపై ప్రాజెక్టు చేశాను. లోపం ఎక్కడుందో తెలియడం లేదు. పైగా అమ్మానాన్నలకు ఫ్యాక్టరీ ఉద్యోగమంటే భయం. వాళ్లకు ఏం చెప్పాలి? రెజ్యూమె జతచేశాను.
- ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: మీ రెజ్యూమె రెండుసార్లు చదివాను. మొదటి పేజీలో సగభాగాన్ని మీ ఆశయం, కష్టపడే తత్వం, నలుగురితో కలిసి పనిచేసే గుణం ఆక్రమించాయి. అవన్నీ నిజమే కావచ్చు, కానీ అవే మాటలు మీ తరగతిలో ప్రతి ఒక్కరి రెజ్యూమెలోనూ ఉంటాయి కనుక, వాటి వల్ల చదివేవారికి మీ గురించి తెలిసేది ఏమీ లేదు. రెండు సంవత్సరాల చదువులో మీరు అన్నిటికన్నా శ్రద్ధగా చేసిన పని మీ ప్రాజెక్టు. దానికి మాత్రం రెండో పేజీ అడుగున ఒకే ఒక్క పంక్తి దక్కింది: 'హెచ్‌పీఎల్‌సీ పరిజ్ఞానం ఉంది.' ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే ఆ యంత్రాన్ని మీరు స్వయంగా నడిపారో, దూరం నుంచి చూశారో ఈ పంక్తి చెప్పడం లేదు. క్వాలిటీ కంట్రోల్ విభాగంలో ఫ్రెషర్‌ను తీసుకునే అధికారి మొట్టమొదట తెలుసుకోదలచేది అదే.

ఆ పంక్తిని తీసివేసి, ప్రాజెక్టును మొదటి పేజీలో మీ చదువు వివరాల కిందికి తీసుకురండి. రివర్స్ ఫేజ్ హెచ్‌పీఎల్‌సీ మీద, సీ18 కాలమ్‌తో, ఫలానా మొబైల్ ఫేజ్ (నమూనాను కాలమ్‌లోంచి మోసుకెళ్లే ద్రావణం) వాడి, మాత్రలో ఉన్న పారాసిటమాల్, కెఫీన్‌ల పరిమాణాన్ని ఒకే పరుగులో నిర్ణయించానని, లీనియారిటీ, ప్రెసిషన్, ఆక్యురసీ పరీక్షించానని, ఇన్ని నమూనాలు నడిపానని రాయండి. కాలమ్ పొడవు, ఫ్లో రేటు, డిటెక్టర్ తరంగదైర్ఘ్యం మీ రికార్డులో ఉంటాయి కదా, చూసి వేయండి. చేయని పరీక్షను మాత్రం చేర్చకండి. రోబస్ట్‌నెస్ (పరిస్థితులు కాస్త మార్చినా ఫలితం నిలబడుతుందా అన్నది) పరీక్షించానని రాసి, ఏమేమి మార్చి చూశారని అడిగినప్పుడు తడబడితే, నిజంగా చేసిన పనిని కూడా అవతలివారు నమ్మరు.

ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఆ పంక్తుల్లోంచే పుడతాయి. మొబైల్ ఫేజ్‌లోని గాలిని ఎందుకు తొలగించారని అడుగుతారు. బుడగలు పంపులో చేరితే ప్రవాహం నిలకడగా ఉండదని, డిటెక్టర్‌లో చేరితే బేస్‌లైన్ చెదురుతుందని మీరు కళ్లారా చూసి ఉంటారు కనుక సూటిగా చెప్పగలరు. రెండు పదార్థాల్లో ఏది ముందు బయటకు వచ్చింది, ఎందుకు వచ్చింది, సిస్టమ్ సూటబిలిటీ (యంత్రం సరిగా పనిచేస్తోందని తేల్చే పరీక్ష) కోసం స్టాండర్డ్‌ను ఎన్నిసార్లు ఇంజెక్ట్ చేశారు, ఆర్‌ఎస్‌డీ (ఫలితాల మధ్య తేడా శాతం) ఎంత వచ్చింది అని అడుగుతారు. ఒకటి గుర్తుంచుకోండి. చాలా కంపెనీల్లో ఫ్రెషర్‌కు మొదటిరోజే పెద్ద యంత్రాలు అప్పగించరు. టైట్రేషన్లు, పీహెచ్, కార్ల్ ఫిషర్ పద్ధతిలో తేమ శాతం కొలవడం వంటి పనులతో మొదలుపెడతారు. అందుచేత మొదటి సంవత్సరం ప్రాక్టికల్ రికార్డును కూడా ఒకసారి తిరగేసి వెళ్లండి. బ్యూరెట్ రీడింగ్ తప్పుగా రాస్తే ఎలా దిద్దుతారని అడగవచ్చు. పాత అంకె చదవడానికి వీలుగా ఉండేలా ఒక్క గీత గీసి, పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ పూయడం, పాత అంకె మీదే దిద్ది రాయడం ఔషధ ప్రయోగశాలల్లో పెద్ద తప్పు. ఈ ఒక్క జవాబు తెలిసిన విద్యార్థికి ఆ పనిలోని క్రమశిక్షణ తెలుసని అధికారికి అర్థమవుతుంది.

ఇంకొక లోపం మీ రెజ్యూమెలో కాక, దాన్ని పంపిన తీరులో ఉంది. మీరు నాకు చూపించిన ఈ-మెయిల్‌లో పదిహేను కంపెనీల చిరునామాలు ఒకే వరుసలో ఉన్నాయి, అవి అందుకున్న ప్రతివారికీ కనిపిస్తాయి. విషయం పంక్తి ఖాళీగా ఉంది, ఫైలు పేరు 'న్యూ రెజ్యూమె ఫైనల్ 2' అని ఉంది. ఒక్కో కంపెనీకి విడిగా రాయండి. విషయం పంక్తిలో ఉద్యోగం పేరు, మీ డిగ్రీ ఉండాలి. ఫైలుకు మీ పేరు పెట్టండి. ఈ-మెయిల్ కింద నాలుగు వాక్యాలు చాలు: ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేస్తున్నారు, దానికి సరిపోయే ఏ పని చేశారు, ఎప్పటి నుంచి చేరగలరు, ఫోన్ నంబరు ఏమిటి. మీ విభాగం నుంచి గత రెండు మూడేళ్లలో వెళ్లి ఆ కంపెనీల్లో పనిచేస్తున్న సీనియర్లను కలుసుకోవడం ఈ ఈ-మెయిళ్లన్నిటికన్నా మేలు. ఉద్యోగం ఇప్పించమని కాదు, వాక్-ఇన్ (నేరుగా వెళ్లి హాజరయ్యే ఇంటర్వ్యూ) ఎప్పుడు ఉంటుందో, రోజువారీ పని ఎలా ఉంటుందో అడగండి. చాలామంది ఎంతో ఆప్యాయంగా చెబుతారు. వాక్-ఇన్‌కు వెళ్లేటప్పుడు మార్క్స్ మెమోలు, ప్రొవిజనల్, ఆధార్ కార్డు, వాటి నకళ్లు, ఫొటోలు ఒక ఫైలులో పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించండి గాని ఎవరి దగ్గరా వదిలిపెట్టి రాకండి.

ఇక మీ అమ్మానాన్నల భయం అర్థం లేనిది కాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత ఈ ప్రాంతంలోని ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ ఇలాగే ఆలోచిస్తారు. ఉత్పత్తి విభాగంలో రియాక్టర్లు, సాల్వెంట్ల దగ్గర ఉండే ప్రమాదం, ప్రయోగశాలలో ఉండే ప్రమాదం ఒకటి కావు, అయినా రెండూ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. కాబట్టి ఆఫర్ వచ్చిన తరువాత, సంతకం పెట్టే ముందు, చేరగానే భద్రతా శిక్షణ ఎన్ని రోజులు ఇస్తారో, మాక్ డ్రిల్ ఎప్పుడెప్పుడు జరుగుతుందో, ల్యాబ్ ఏ బ్లాకులో ఉందో, రాత్రి షిఫ్ట్ ఉంటే కంపెనీ బస్సు ఇంటికి ఎంత దూరంలో దింపుతుందో అడగండి. ఈ ప్రశ్నలు అడిగినందుకు ఎవరైనా చిరాకు పడితే అక్కడ చేరకపోవడమే మంచిది. అడిగి తెచ్చుకున్న జవాబులను ఇంట్లో కూర్చుని అమ్మానాన్నలకు వివరంగా చెప్పండి. ఏమీ కాదులే అన్న మాటకన్నా ఆ జవాబులే వారికి ధైర్యం ఇస్తాయి.

ప్రశ్న: ఎం.ఏ. ఎకనామిక్స్ ఈ ఏడాది పూర్తవుతుంది. మాది విజయనగరం దగ్గర పల్లె. నాకు పీహెచ్‌డీ చేయాలని ఉంది. నాన్నగారు వెంటనే బ్యాంకు పరీక్షలు రాయమంటున్నారు. వేట నిషేధ కాలంలో పెదజాలరిపేట మత్స్యకార కుటుంబాల ఆదాయంపై డిసర్టేషన్ రాశాను. ఏ దారి మంచిది?
- ఒక విద్యార్థి, పెదవాల్తేరు

జవాబు: ఈ రెండు దారులూ ఇప్పుడే విడిపోవలసిన అవసరం లేదు. యూజీసీ నెట్ (జాతీయ అర్హత పరీక్ష) ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000 రూపాయలు ఫెలోషిప్, దానికి తోడు ఇంటి అద్దె భత్యం ఉంటాయి. ఈ మొత్తాలు 2023 జనవరి 1 నుంచి అమలులో ఉన్నాయి. మీ నాన్నగారికి ముందుగా ఈ అంకెలు చెప్పండి. పీహెచ్‌డీ అంటే మరో ఐదేళ్లు ఇంటి మీద భారం మోపడమేనని చాలా ఇళ్లలో అనుకుంటారు, ఫెలోషిప్ ఉన్నప్పుడు ఆ లెక్క మారిపోతుంది. ఫెలోషిప్ లేకుండా పీహెచ్‌డీలో చేరితే మాత్రం ఆయన ఆందోళన న్యాయమైనదేనని నేను అనుకుంటాను. ఏ ఉద్యోగమూ దొరకలేదు కనుక పీహెచ్‌డీలో చేరడాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయలేను.

2024 నుంచి నెట్ ఫలితాలను మూడు వర్గాలుగా ఇస్తున్నారు. జేఆర్‌ఎఫ్ రాకపోయినా సహాయ ఆచార్య అర్హత గానీ, పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత గానీ రావచ్చు. ఆ రెండు వర్గాలవారికి పీహెచ్‌డీ ప్రవేశంలో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు, కానీ ప్రవేశానికి ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి. సహాయ ఆచార్య అర్హతకు మాత్రం కాలపరిమితి లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించే రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష ఏపీసెట్‌నూ రాయండి. మన రాష్ట్రంలోని కళాశాలల్లో అధ్యాపక ఉద్యోగాలకు ఆ అర్హత పనికొస్తుంది.

బ్యాంకు పరీక్షల సంగతికి వస్తే, ఎకనామిక్స్ చదివినవారికి క్లర్కు, పీవో పరీక్షలతోపాటు ప్రత్యేకంగా రెండు అవకాశాలున్నాయి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ పరీక్ష ఒకటి, రిజర్వు బ్యాంకు ఆర్థిక పరిశోధన విభాగంలో గ్రేడ్-బి అధికారుల నియామకం మరొకటి. రెండింటిలోనూ ఖాళీలు తక్కువ, పోటీ ఎక్కువ. కానీ వాటికి చదివేది, నెట్‌కు చదివేది చాలా వరకు ఒకటే కనుక ఏడాదిన్నర గడువు పెట్టుకుని చదివితే ఆ శ్రమ వృథా కాదు. అప్పటికీ ఏదీ కుదరకపోతే ఏం చేస్తారో నాన్నగారితో ఇప్పుడే మాట్లాడుకోండి. ఆ గడువు మీరే పెట్టుకుంటే ఇంట్లో రోజూ వాదన ఉండదు.

మీ డిసర్టేషన్ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆగిపోతుంది. ఆ రోజుల్లో ఇల్లు ఎలా గడుస్తుందో ఇంటింటికీ వెళ్లి అడిగిన విద్యార్థి దగ్గర చాలామందికి లేని అనుభవం ఉంటుంది. మీ దరఖాస్తులో అది 'డిసర్టేషన్ సమర్పించాను' అన్న రెండు మాటల్లో ముగిసిపోకూడదు. ఎన్ని కుటుంబాలను అడిగారు, వాటిని ఎలా ఎంపిక చేశారు, అప్పు గురించిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఇష్టపడనివారితో ఎలా మాట్లాడారు, సమాచారాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించారు అన్నవి రాయండి. దానికి జోడుగా, జాతీయ గణాంక కార్యాలయం 2017-18 నుంచి నిర్వహిస్తున్న కార్మిక శక్తి సర్వే సమాచారాన్ని ఉచితంగా దించుకుని, ఆంధ్రప్రదేశ్‌లోని యువత ఉపాధిపై రెండు పేజీల వ్యాసం తయారు చేయండి. పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, సర్వే కంపెనీలు మార్కుల జాబితా కన్నా అటువంటి నమూనా పనినే శ్రద్ధగా చూస్తాయి.

ప్రశ్న: నేను పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చాను. డిగ్రీ వరకూ తెలుగు మాధ్యమం. ఇప్పుడు ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ. సబ్జెక్టు బాగా వచ్చు. ఇంగ్లీషులో మాట్లాడాల్సి వస్తే గొంతు పెగలదు. ఇంటర్వ్యూలకు వెళ్లడమే మానేశాను.
- ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: వెళ్లడం మాత్రం మానకండి, అమ్మా. మీ చదువుకు తగిన సంస్థలు మీ ఊరికి ఇంత దగ్గరలో ఉండడం మంచి అవకాశం. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ - మూడింటికీ విశాఖలో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. పరిశోధన ప్రాజెక్టుల కోసం ఇటువంటి సంస్థలు ప్రాజెక్ట్ అసోసియేట్, యంగ్ ప్రొఫెషనల్ వంటి తాత్కాలిక పోస్టులను తమ వెబ్‌సైట్లలో ప్రకటిస్తాయి. ప్రకటనకూ ఇంటర్వ్యూకూ మధ్య వ్యవధి తక్కువగా ఉంటుంది కనుక వారానికి ఒకసారైనా చూస్తూ ఉండండి. ఆ ఇంటర్వ్యూల్లో కూర్చునేది శాస్త్రవేత్తలు. ప్లాంక్టన్ (నీటిలో తేలియాడే సూక్ష్మజీవులు) నమూనాను ఏ వలతో సేకరించారు, ఎందులో భద్రపరిచారు, సూక్ష్మదర్శిని కింద ఎలా లెక్కించారు అన్నదాన్ని వారు పట్టించుకుంటారు. ఉచ్చారణ వారికి అంత ముఖ్యం కాదు.

సాధన ఇలా చేయండి. మీ ప్రాజెక్టు గురించి అడగగలిగిన ప్రశ్నలు ఎనిమిదో పదో ఉంటాయి. ఒక్కొక్కదానికి జవాబును ముందు తెలుగులో, మీ మాటల్లో, స్నేహితురాలికి చెప్పండి. అది స్పష్టంగా వచ్చాక చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాసుకోండి. ఒక వాక్యానికి ఒకే విషయం ఉండాలి. రోజూ పావుగంట గట్టిగా చదివి ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. బట్టీ పట్టిన జవాబు మధ్యలో ఒక పదం మరిచిపోతే మొత్తం ఆగిపోతుంది కనుక కంఠతా పట్టకండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడంలో తప్పు లేదు, అర్థం కాని ప్రశ్నకు జవాబు చెప్పడమే తప్పు. మధ్యలో మాట తట్టకపోతే ఒక్క వాక్యం తెలుగులో చెప్పడానికి అనుమతి అడగండి. విశాఖలో జరిగే ఇంటర్వ్యూల్లో తెలుగు తెలిసినవారు ఒక్కరైనా ఉండే అవకాశం ఎక్కువ. రెజ్యూమెలో గిరిజన ప్రాంతం నుంచి వచ్చిన సంగతిని దాచవలసిన పని లేదు. రిజర్వేషన్, వయోపరిమితి సడలింపు వర్తించే పోస్టులకు కుల ధ్రువీకరణ పత్రం అవసరమవుతుంది, కేంద్ర ప్రభుత్వ నమూనాలో కూడా ఒకటి ముందే తీసుకుని ఉంచుకోండి.

ప్రశ్న: పీజీ అయి రెండేళ్లయింది. గ్రూప్స్‌కు చదివాను, రాలేదు. ఇప్పుడు ప్రైవేటు ఉద్యోగానికి వెళ్తే ఆ ఖాళీ గురించి ఏం చెప్పాలి?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది వరకు ఏపీపీఎస్సీ పరీక్షలకు సిద్ధమయ్యానని రెజ్యూమెలోనే ఒక పంక్తి రాస్తే, అవతలివారు ఊహించుకునే అవకాశం ఉండదు. ప్రిలిమ్స్ గట్టెక్కి ఉంటే అది కూడా రాయండి. ఆ ఖాళీని పూడ్చడానికి చేయని ఉద్యోగం పేరు పెట్టకండి. అనుభవ ధ్రువపత్రాలను, పీఎఫ్ వివరాలను సరిచూసే కంపెనీలు చాలా ఉన్నాయి, దొరికితే చేరిన తరువాత కూడా తీసేస్తారు. వారు నిజంగా అడగబోయేది మరొకటి: మళ్లీ నోటిఫికేషన్ పడితే ఉద్యోగం మానేసి వెళ్లిపోతారా? దీనికి జవాబు మీరు ముందుగా మీకే చెప్పుకోవాలి. ఇంకా రాయాలని ఉంటే, ఇంటర్వ్యూలో రాయనని చెప్పకండి.

ప్రశ్న: మా అబ్బాయి ఎంసీఏ పూర్తి చేశాడు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగం, నెలకు 80 వేల జీతం అని ఒక ఏజెంటు చెప్పాడు. ముందు లక్షన్నర కట్టమంటున్నాడు. పర్యాటక వీసాపై వెళ్లి అక్కడ మార్చుకోవచ్చట. పాస్‌పోర్ట్ ఇవ్వమన్నాడు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, పెందుర్తి

జవాబు: డబ్బు కట్టవద్దండీ, పాస్‌పోర్ట్ ఇవ్వవద్దు. మీ ఉత్తరానికి పత్రికలో జవాబు వచ్చేసరికి ఆలస్యం కావచ్చని, మీరు ఇచ్చిన నంబరుకు ఇదే మాట ముందుగానే చెప్పించాను. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టిన కంబోడియా ఉదంతం సరిగ్గా ఇలాగే మొదలైంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన మన ప్రాంతపు యువకులను అక్కడ నిర్బంధించి, మన దేశంలోని వారిపైనే సైబర్ మోసాలు చేయించారు. భారత రాయబార కార్యాలయం సాయంతో పలువురు తిరిగి రాగలిగారు. వారిలో చదువుకున్నవారు ఎందరో ఉన్నారు కనుక, మా అబ్బాయి తెలివైనవాడు, మోసపోడు అని ధీమాగా ఉండకండి.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ పేరు ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. నమోదైన ఏజెంటు సైతం సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. పర్యాటక వీసాపై వెళ్లి ఉద్యోగం చేయడం ఆ దేశ చట్టం ప్రకారం నేరం, ఆ ఒక్క మాట చాలు ఇది నిజమైన ఉద్యోగం కాదని చెప్పడానికి. టైపింగ్ పనికి ఎంసీఏ చదివిన కుర్రవాణ్ణి అంత జీతమిచ్చి పొరుగు దేశానికి ఎందుకు పిలుస్తున్నారో మీ అబ్బాయినే అడిగి ఆలోచించమనండి. కోప్పడకండి, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న పిల్లవాడికి ఇలాంటి మాటలు ఆశగా వినిపించడం సహజం.

ఏజెంటు పంపిన సందేశాలు, ఫోన్ నంబర్లు, చెల్లింపు రసీదులు ఏవైనా ఉంటే చెరిపివేయకుండా దాచి, మీ పరిధిలోని పోలీసు స్టేషన్‌లో ఇవ్వండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో కొంత డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ మొత్తాన్ని బ్యాంకులో నిలిపివేయించడానికి అంత వీలుంటుంది. పాస్‌పోర్ట్ ఒకవేళ ఇచ్చేసి ఉంటే, దాన్ని అట్టిపెట్టుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. పెద్ద మనుషులను వెంటబెట్టుకుని తిరగకుండా, నేరుగా పోలీసుల ద్వారానే వెనక్కి తెప్పించుకోండి.